ఎన్ని చుట్లకొక దెబ్బ?

షోలాపూర్ తూర్పు పేటల్లో పుట్టి పెరిగినవాళ్లకు నిశ్శబ్దం అంటే కరెంటు పోయిందని అర్థం. అశోక్ చౌక్, సాఖర్ పేఠ్, భద్రావతి పేఠ్, కన్నా చౌక్, ఏ గల్లీలో నడిచినా గోడల వెనక పవర్‌లూమ్‌లు కొట్టుకుంటూనే ఉంటాయి. కరీంనగర్, నల్లగొండ, వరంగల్, మహబూబ్‌నగర్ వైపు నుంచి తరాల కిందట వలస వచ్చిన పద్మశాలీలు ఈ చప్పుడు మధ్యే తెలుగు మాట్లాడుకున్నారు, పిల్లల్ని పెంచారు, శ్రావణ పున్నమికి మార్కండేయుడి రథం లాగారు. జి.ఐ. గుర్తింపు పొందిన షోలాపూర్ చద్దర్లు, టర్కీ టవళ్లు ఈ చప్పుడులోంచే పుట్టాయి. చప్పుడును చదవడం ఇక్కడ ఒక విద్య. ఆ విద్య ఒకరోజు మా జీపుకు పనికొచ్చింది.

వానాకాలంలో మా చెరుకు చేను దారి నల్లరేగడితో జిగురుముద్ద అవుతుంది. పాత టైర్లతో జీపు దిగబడిపోతోందని, లోతైన గాళ్లు ఉన్న పెద్ద ఆఫ్‌రోడ్ టైర్లు వేయించాను. చేలో భేషుగ్గా నడిచింది. ఆ వారమే హైదరాబాద్ బయల్దేరాం. 65వ నంబరు జాతీయ రహదారి మీద నల్‌దుర్గ్ వైపు మళ్లి వేగం 85 దాటగానే స్టీరింగ్ వణకడం మొదలైంది. 95 దగ్గర చేతులు తిమ్మిరెక్కాయి. 70కి తగ్గిస్తే ఏమీ లేనట్టే ఉంది. ఉమర్గా దగ్గర ఒక షాపులో ఆగితే వీల్ అలైన్‌మెంట్ చేసి పంపారు. వణుకు అలాగే ఉంది.

తిరిగొచ్చాక మా పెద్దనాయినతో చెప్పాను. నలభై ఏళ్లు మగ్గాల మధ్య గడిపిన మనిషి. జీపు నడపడం రాదు.

"స్టీరింగ్ ఊగుతున్నదంటవు. మరి ఎన్ని చుట్లకొక దెబ్బ కొడుతది?" అన్నాడు.

"లెక్కపెట్టలేదు పెద్దనాయినా."

"లెక్కపెట్టకుండ పానా పడితే ఏం దొరుకుతదిరా?"

ఈ అధ్యాయమంతా ఆ ఒక్క ప్రశ్నకు జవాబు.

మగ్గం చెప్పే లెక్క

పవర్‌లూమ్‌లో మోటారు తిప్పేది క్రాంక్ షాఫ్ట్‌ను. అది ఒక చుట్టు తిరిగితే దువ్వెనలాంటి పన్నె ఒకసారి ముందుకొచ్చి పేకను, అంటే అడ్డపోగును, గుడ్డలోకి నొక్కుతుంది. దాని కింద బాటమ్ షాఫ్ట్ ఉంటుంది. రెండింటి మధ్య పళ్లచక్రాలు ఒకటికి రెండు లెక్కన ఉంటాయి కాబట్టి, క్రాంక్ రెండు చుట్లు తిరిగితే బాటమ్ షాఫ్ట్ ఒక్క చుట్టు తిరుగుతుంది. పేక దారాన్ని మోసే నాడెను ఒకసారి ఎడమ నుంచి, ఒకసారి కుడి నుంచి తన్నించే పని దానిది. టర్కీ టవల్ మగ్గంలో ఇంకో లయ కలుస్తుంది. రెండు పేకలను పన్నె కాస్త దూరంలోనే వదిలేసి, మూడో పేకతో కలిపి మూడింటినీ ఒక్కసారిగా నొక్కుతుంది. వదులుగా ఉన్న పడుగు పోగులు అప్పుడే ఉంగరాల్లా పైకి లేస్తాయి. టవల్ మెత్తదనమంతా ఆ మూడో దెబ్బలో ఉంది.

మగ్గంలో ఏదో టక్కుమంటోందనుకోండి. ప్రతి పేకకూ వస్తే జబ్బు క్రాంక్ వైపు ఉన్నట్టు. పేక విడిచి పేకకు వస్తే బాటమ్ షాఫ్ట్ మీదనో, ఒకవైపు తన్నే కర్ర దగ్గరనో వెతకాలి. మూడింటికొకసారి వస్తే టర్కీ ఉంగరం వేసే అమరిక దగ్గరికి పోవాలి. నిమిషానికి 120 పేకలు కొట్టే మగ్గంలో ఇవి నిమిషానికి 120, 60, 40 దెబ్బలు. ఇంకా అనుమానముంటే పెద్దనాయిన చక్రం మీద సుద్దముక్కతో గీత గీసేవాడు. టక్కుమన్న ప్రతిసారీ గీత ఒకే చోట ఉంటే దొంగ ఆ చక్రమే.

నూలు మిల్లులో ఇదే ఆలోచన కొలతగా మారుతుంది. నూలు తీసే యంత్రంలో 25 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న రోలరు కాస్త వంకరపోతే, అది ఒక చుట్టు తిరిగిన ప్రతిసారీ దారం ఒకచోట లావెక్కుతుంది. ఆ లావు సుమారు 7.9 సెంటీమీటర్లకొకసారి కనిపిస్తుంది, ఎందుకంటే రోలరు చుట్టుకొలత అంతే. స్విట్జర్లాండ్‌లోని ఊస్టర్ పట్టణం నుంచి వచ్చిన పరికరాలు దారాన్ని లాగి చూసి, ఏ పొడవుకొకసారి లోపం తిరిగి వస్తోందో గీసి చూపిస్తాయి. ఆ పొడవు చూసి ఏ రోలరు చెడిందో చెప్పవచ్చు.

తిరిగేదానిలో ఉన్న లోపం అది తిరిగే లెక్కనే పలుకుతుంది. మగ్గమైనా, రోలరైనా, చక్రమైనా అంతే.

చక్రం లెక్క

కొత్త టైరు పక్కన 235/75 ఆర్ 15 అని రాసి ఉంది. వెడల్పు 235 మిల్లీమీటర్లు, గోడ ఎత్తు అందులో 75 శాతం, రిమ్ వ్యాసం 15 అంగుళాలు. లెక్క కడితే టైరు వ్యాసం 733 మిల్లీమీటర్ల చిల్లర, చుట్టుకొలత 2.3 మీటర్లు. బరువుకు టైరు కాస్త అణుగుతుంది కాబట్టి నిజంగా ఒక చుట్టుకు దొర్లే దూరం ఇంకొంచెం తక్కువ.

గంటకు 90 కిలోమీటర్లంటే సెకనుకు 25 మీటర్లు. దాన్ని 2.3తో భాగిస్తే చక్రం సెకనుకు సుమారు 11 చుట్లు తిరుగుతోందన్నమాట. 100 దగ్గర 12 చుట్లు. మునుపటి 215/75 టైరు కంటే ఇది నాలుగు శాతం పెద్దది కాబట్టి మీటరు 100 చూపేటప్పుడు బండి నిజంగా 104 మీద ఉంటుంది. అందుకే లెక్కకు ఫోనులోని జీపీఎస్ వేగాన్నే నమ్మాలి.

సెకనుకు 11 దెబ్బలను మనిషి లెక్కపెట్టలేడు. ఫోను పెడుతుంది. ప్రతి స్మార్ట్‌ఫోనులోనూ కదలికను పసిగట్టే చిప్పు ఉంటుంది. అది పట్టిన కంపనాన్ని సెకనుకు ఎన్నిసార్లు అన్న లెక్కలో గీసి చూపే యాప్‌లు ఉచితంగా దొరుకుతాయి. పక్క సీట్లో కూర్చున్నవాళ్లు ఫోనును స్టీరింగ్ కింది బోర్డుకు ఆనించి పట్టుకోవాలి, నడిపేవారు దాని జోలికి పోకూడదు.

11 దగ్గర శిఖరం లేస్తే చక్రం చుట్టుకొక దెబ్బ. అంటే టైరు, రిమ్, హబ్, బ్రేక్ డిస్క్, వీటిలో ఏదో ఒకటి. 44 దగ్గర లేస్తే అది చక్రం కాదు. వెనక ఇరుసులో పళ్లచక్రాల నిష్పత్తి నాలుగుకు దగ్గరగా ఉన్న బండిలో, చక్రం ఒకసారి తిరిగేలోపు ప్రొపెల్లర్ షాఫ్ట్ నాలుగుసార్లు తిరుగుతుంది. అది ఊగడంలా కాకుండా కాళ్ల కింద జుమ్మనే గొణుగుడులా తెలుస్తుంది. దాని యూనివర్సల్ జాయింట్ అరిగితే షాఫ్ట్ చుట్టుకు రెండు దెబ్బలు, అంటే 88. ఇంజన్ మీద అనుమానముంటే అదే వేగంలో గేరు మార్చి చూడాలి. వేగం మారకుండా ఇంజన్ చుట్లు మాత్రం మారినప్పుడు వణుకు అలాగే ఉంటే ఇంజన్ నిర్దోషి. బ్రేకు తొక్కినప్పుడే వణికితే డిస్క్ మందంలో తేడా ఉందేమో చూడాలి. లోతైన గాళ్ల టైరు చేసే హోరు వేరు. గాళ్ల మధ్య అరవై దిమ్మెలున్న టైరు సెకనుకు 12 చుట్లు తిరిగితే సెకనుకు 720 దెబ్బలు. అది చెవికి వినపడే శబ్దమే తప్ప చేతికి తగిలే వణుకు కాదు.

మా ఫోను 11 చూపింది. 80కి తగ్గిస్తే శిఖరం 10 దగ్గరికి జరిగింది. వేగం వెంట కదిలే శిఖరం కాబట్టి చక్రమేనని తేలింది.

యాభై గ్రాములకు అయిదు కిలోల దెబ్బ

70 దగ్గర లేని వణుకు 90 దగ్గర ఎలా వచ్చింది? దీనికి రెండు కారణాలు కలిసి పనిచేస్తాయి.

చక్రంలో ఒకవైపు రిమ్ అంచున 50 గ్రాములు ఎక్కువ ఉందనుకుందాం. చక్రం తిరిగేటప్పుడు ఆ బరువు బయటికి లాగుతుంది. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో ఆ లాగుడు సుమారు 1.4 కిలోల బరువంత. వేగం రెట్టింపై 100 అయితే లాగుడు నాలుగింతలై 5.5 కిలోలకు చేరుతుంది. వేగం వర్గం లెక్కన బలం పెరుగుతుంది. సెకనుకు 12 సార్లు ఆ బలం చక్రాన్ని పైకి, కిందికి, ముందుకు, వెనక్కి నెడుతుంది.

రెండో కారణం ఇంకా పెద్దది. ప్రతి ఉయ్యాలకూ తనదైన ఊపు ఉంటుంది. ఆ ఊపుకు సరిగ్గా అందేలా నెడితే చిన్న తోపుకే ఆకాశానికి లేస్తుంది. బండి చక్రం కూడా ఒక ఉయ్యాలే. పైన స్ప్రింగు, కింద గాలి నిండిన టైరు, మధ్యలో ఇరుసు, హబ్, రిమ్‌ల బరువు. ఆ బరువు సహజంగా ఎగిరిపడే లయ చాలా బండ్లలో సెకనుకు 10 నుంచి 15 సార్లు. మా టైరు లెక్కలో గంటకు 83 నుంచి 124 కిలోమీటర్ల మధ్య. హైవే మీద మనం నడిపే వేగం సరిగ్గా అందులోనే పడుతుంది.

ఈ చిక్కు మొదట పెద్ద యంత్రాల దగ్గర ఎదురైంది. తిరిగే ఇరుసు ఒక వేగం చేరాక అదుపు తప్పి వంగుతుందని స్కాట్లాండ్ ఇంజనీరు విలియం రాంకిన్ 1869లో రాశాడు. ఆ వేగాన్ని దాటి నడపడం కుదరదన్నాడు. స్వీడన్‌లో గుస్తాఫ్ డి లావల్ తన ఆవిరి టర్బైనుకు కావాలనే సన్నని, వంగే ఇరుసు పెట్టి, ఆ గండాన్ని చటుక్కున దాటించి నిమిషానికి 30,000 చుట్ల దాకా తిప్పాడు. గండం దాటాక ఇరుసు వణుకు ఎందుకు తగ్గిందో 1919లో హెన్రీ జెఫ్‌కాట్ గణితంతో వివరించాడు. ఆ లయను దాటాక ఇరుసు తన నడిమధ్య కాకుండా బరువుల కేంద్రం చుట్టూ తిరగడం మొదలుపెడుతుంది.

కొందరు డ్రైవర్లు "వంద దాటిస్తే వణుకు పోతది" అనేది ఇందుకే. లోపం పోలేదు, లయ తప్పిందంతే. దాన్ని మందుగా వాడుకోకూడదు. లాగుడు వేగంతో పెరుగుతూనే ఉంటుంది, బేరింగులూ బుష్‌లూ ఆ దెబ్బలు తింటూనే ఉంటాయి.

పాత ఇరుకు రోడ్డు మీద గుంతల మధ్య 60 దాటే అవకాశమే లేనప్పుడు ఈ జబ్బు ఎవరికీ తెలిసేది కాదు. నున్నటి నాలుగు వరసల రోడ్డు దాన్ని బయటపెట్టింది.

బ్యాలెన్సు వేరు, గుండ్రదనం వేరు

షాపువాళ్లు చేసిన అలైన్‌మెంట్ వృథా పని కాదు. కానీ అది చక్రాలు ఏ దిక్కుకు చూడాలో సరిచేస్తుంది. అది తప్పితే బండి ఒక పక్కకు లాగుతుంది, టైరు ఒకవైపు అరుగుతుంది. చుట్టుకొక దెబ్బ కొట్టే జబ్బుకు అది మందు కాదు. దానికి మొదటి మందు బ్యాలెన్సింగ్.

ఆఫ్‌రోడ్ టైరుకు అంచున రబ్బరు ఎక్కువ, దిమ్మెలు మందం. రోడ్డును తాకే అంచున 30 గ్రాములు ఎక్కువుంటే, దాన్ని సరితూచడానికి లోపలి రిమ్ మీద సుమారు 58 గ్రాములు కావాలి. రిమ్ మధ్యకు దగ్గర కాబట్టి అక్కడి బరువుకు బలం తక్కువ. వెడల్పు టైరులో ఇంకో చిక్కు ఉంది. లోపలి అంచున ఒకవైపు, బయటి అంచున ఎదురువైపు బరువు ఎక్కువైతే చక్రం ఎగరదు, పక్కలకు ఊగుతుంది. అందుకే రిమ్‌కు రెండు అంచులా బరువులు వేయాలి. బయటి అంచున మాత్రమే సీసం ముక్కలు అంటించి ఇస్తే సగం పనే జరిగినట్టు.

రిమ్‌ను యంత్రం మీద బిగించే ముందు కడగాలి. లోపలి వైపు అంటుకుని ఎండిన నల్లరేగడి ముద్ద 200 గ్రాములు తూగినా, వంద వేగంలో అది 22 కిలోల లాగుడు. వాన వెలిశాక చేలోంచి నేరుగా హైవే ఎక్కిన బండ్ల వణుకుకు చాలాసార్లు ఇదే కారణం. మందు బక్కెట్ నీళ్లు.

అయితే బ్యాలెన్సింగ్ యంత్రానికి ఒక హద్దు ఉంది. అది చక్రాన్ని గాలిలో తిప్పుతుంది, బండి రోడ్డు మీద దొర్లుతుంది. బరువు సరిగ్గా పంచిన టైరు కూడా గుండ్రంగా లేకపోవచ్చు. టైరును ఒక మిల్లీమీటరు అణచడానికి సుమారు 20 కిలోల బలం కావాలి. ఒకచోట ఒక మిల్లీమీటరు ఎత్తు ఉన్న టైరు, ప్రతి చుట్టుకూ అంత దెబ్బ ఇరుసుకు కొడుతుంది. పైన చెప్పిన 50 గ్రాముల తేడా కొట్టే దెబ్బ 5.5 కిలోలే. "రెండుసార్లు బ్యాలెన్స్ చేయించినా పోలేదు" అనే ఫిర్యాదు వెనక తరచుగా ఉండేది ఈ లెక్కే. గాలి మరీ ఎక్కువుంటే టైరు గట్టిపడి దెబ్బ పెద్దదవుతుంది. టైరు అంచు రిమ్‌లో సరిగ్గా కూర్చోవడానికి షాపులో ఎక్కువ గాలి కొట్టి, తగ్గించడం మరిచిపోవడం మామూలే. చల్లగా ఉన్నప్పుడు గాలి చూసుకోవడం పైసా ఖర్చులేని పరీక్ష. రాత్రంతా నిలిపిన బండి పొద్దున కాసేపు వణికి, పది పదిహేను కిలోమీటర్లకు సర్దుకుంటే భయపడక్కర్లేదు. అణిగిన చోటు వేడెక్కి మళ్లీ గుండ్రమైందంతే.

సుద్దముక్క

ఆదివారం మగ్గాల షెడ్డు ముందు పని మొదలుపెట్టాం. స్టీరింగ్ వణుకుతోంది కాబట్టి ముందు చక్రాలు చూడాలి. సీటు, నేల వణికితే వెనకవి. ముందు చక్రాలు వెనక్కి, వెనకవి ముందుకు మార్చి హైవే ఎక్కితే వణుకు సీటు కిందికి వెళ్లింది. అంటే హబ్, బ్రేక్ డిస్క్, స్టీరింగ్ జాయింట్లు నిర్దోషులు. జబ్బు చక్రంతో పాటు ప్రయాణం చేసింది.

ఇంకో గుర్తూ దొరికింది. వణుకు ఒకేలా లేదు, పెరిగి తగ్గి మళ్లీ పెరుగుతోంది. అరనిమిషానికొకసారి అలా జరుగుతోందని చెప్పగానే పెద్దనాయిన షెడ్డు వైపు చెయ్యి చూపించాడు. పక్కపక్క మగ్గాలు రెండు కాస్త తేడా వేగంతో నడిస్తే ఇదే వినిపిస్తుంది. ఒకటి 120, ఇంకొకటి 118 కొడితే నిమిషానికి రెండుసార్లు రెండూ కలిసి దిమ్మదిరిగేలా కొడతాయి, మళ్లీ విడిపోతాయి. మా జీపులో లోపం ఒక్క చక్రంలో లేదు, రెండింటిలో ఉంది. రెండు టైర్ల వ్యాసార్ధాల్లో ఒక్క మిల్లీమీటరు తేడా ఉంటే చాలు, 100 వేగంలో అవి 30 సెకన్లకొకసారి జతకూడతాయి.

వెనక ఇరుసును జాకీతో లేపి స్టాండు మీద నిలబెట్టాం. మిగతా చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టాం. పెద్దనాయిన ఒక ఇటుక మీద సుద్దముక్క ఆనించి, టైరు అంచుకు వెంట్రుకవాసి దూరంలో నిలిపి, చేత్తో చక్రం తిప్పాడు. టైరు ఎత్తుగా ఉన్నచోట మాత్రమే తెల్లగా అంటింది. ఎత్తుకూ పల్లానికీ తేడా రెండు మిల్లీమీటర్లకు కాస్త పైనే. ఒకటిన్నర దాటితే అనుమానించాలి. టైరు తీయించి రిమ్‌ను ఒంటరిగా తిప్పి అలాగే చూస్తే దానికీ కొద్దిపాటి ఎత్తుంది, సరిగ్గా టైరు ఎత్తు కిందే. రెండు చిన్న తప్పులు ఒకేచోట కలిసి పెద్ద తప్పయ్యాయి.

దీనికి మందు టైరు మార్చడం కాదు, తిప్పడం. టైరును రిమ్ మీదే సగం చుట్టు జరిపి, దాని ఎత్తును రిమ్ పల్లం మీదికి తెచ్చి మళ్లీ గాలి కొట్టారు. తేడా అర మిల్లీమీటరుకు దిగింది. ఒకవేళ టైరు తిప్పాక కూడా సుద్ద గుర్తు టైరు మీది అదే చోట, అంతే ఎత్తులో పడి ఉంటే తప్పంతా టైరుది, కొన్నచోటికి తీసుకెళ్లి మార్చమని అడగాల్సిందే. రిమ్ మీది చోటుకే వచ్చి ఉంటే రిమ్ వంకర. రెండో చక్రానికీ ఇదే చేశాం. తరువాత బ్యాలెన్సింగ్. మళ్లీ బిగించే ముందు హబ్ ముఖం మీది తుప్పును బ్రష్‌తో గీకాం, ఎందుకంటే చక్రం కూర్చునే చోట చిన్న పొర ఉన్నా అంచుకు వచ్చేసరికి అది పెద్ద వంకర అవుతుంది. నట్లు వరసగా కాకుండా ఎదురెదురుగా, చక్రం నేలకు ఆనకముందే కొద్దికొద్దిగా బిగించాం. వంద కిలోమీటర్లు తిరిగాక మళ్లీ ఒకసారి బిగించి చూసుకోవాలి. కొత్త వణుకుతో పాటు టకటక వినిపిస్తే, లేదా టైరు గోడ మీద బుడిపె కనిపిస్తే, ఈ పరీక్షలేవీ చేయకుండా బండి అక్కడే ఆపాలి.

సాయంత్రం పెద్దనాయినను పక్కన కూర్చోబెట్టుకుని నల్‌దుర్గ్ దారిలో వెళ్లాం. ఫోను ఆయన చేతిలోనే ఉంది. 95 దగ్గర 11 మీద శిఖరం ఇంకా ఉంది, కానీ మునుపటిలో పదోవంతు కూడా లేదు. స్టీరింగ్ మీద ఒక వేలు పెట్టి చూశాడు, తీసేశాడు.

"ఉన్నది. ఇంత ఉండనియ్యి" అన్నాడు.

మరుసటి వానకు జీపు మళ్లీ చేలోకి దిగింది. టైరు మీద ఆయన గీసిన సుద్దగీత నల్లరేగడిలో కలిసిపోయింది. ఇంటికి రాగానే ముందు రిమ్‌లు కడిగాను.